మార్చి క్లోజింగ్ అయిపోయింది, ఇక నీ సంగతి

చిరంజీవి అమ్మలూకి మావయ్య ఆశీస్సులు.

మీ బ్యాంకులో ఏడాది లెక్కలు ముగించే క్లోజింగ్ గండం గట్టెక్కిందని మీ అమ్మ చెప్పింది. జనవరి నుంచి పక్కన పడేసినవన్నీ ఈ ఆదివారం ఒక్క పూటలో తేల్చేస్తానన్నావట. వద్దమ్మా. ఇరవై పనులు కాగితం మీద రాసుకుని, మూడోదాని దగ్గర సోఫాలో నిద్రపోయి, లేచాక ఇంకా దిగులు పడతావు. ఇంట్లో దుమ్ము మరో పదిరోజులు ఆగుతుంది. డబ్బు పోయే పనులూ, మనుషులు మొహం తిప్పుకునే పనులూ ఆగవు.

వాటికన్నా ముందు నిద్ర. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా పడుకుంటే బాకీ తీరదు. ఆ రాత్రి రెండు దాటినా కునుకు పట్టదు, సోమవారం కౌంటర్లో తూలుతావు. ఓ పదిరోజులు రాత్రి గంట ముందు పడుకో. లేచే వేళ మాత్రం మార్చకు, సెలవు రోజైనా గంటకు మించి జరపకు. పగలు కాసేపు నడుం వాల్చాలనిపిస్తే మూడింటిలోపే, అదీ ఇరవై నిమిషాలు, అలారం పెట్టుకుని. క్లోజింగ్‌లో అలవాటైన రాత్రి ఏడింటి టీ ఇంకా నడుస్తూనే ఉంటుంది, దాన్ని ముందు మానెయ్.

రెండో శనివారం పొద్దున గంటన్నర కాగితాలకి కేటాయించు. పీపీఎఫ్‌లో, అదే పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ పొదుపు ఖాతాలో, ఏప్రిల్ 5 లోపు వేస్తేనే ఆ నెల వడ్డీ వస్తుందని కస్టమర్లందరికీ చెప్పేదానివి, నీ ఖాతాలో పోయిన ఏడాది కనీసం 500 పడ్డాయో లేదో చూసుకున్నావా? పడకపోతే ఖాతా ఆగిపోయి ఉంటుంది. తప్పిన ఏడాదికి ఆ 500, దానిమీద 50 జరిమానా కట్టి మళ్ళీ నడిపించుకో. క్రెడిట్ కార్డుకి ఆటో డెబిట్ ఉందిలే అని ఊరుకోకు. అది మొత్తం బిల్లుకా, కనీసం కట్టాల్సిన మినిమమ్ డ్యూకా చూడు. మినిమమ్ మాత్రమే పోతుంటే పాత బాకీ మీద వడ్డీ సరేసరి, నిన్న కార్డు గీకి కొన్న కూరగాయల మీద కూడా నిన్నటి నుంచే వడ్డీ. స్కూటీ ఇన్సూరెన్స్ తేదీ కూడా చూడు. గడువు తీరి 90 రోజులు దాటితే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ మొత్తం పోతుంది. ఈలోగా బండి రోడ్డెక్కిస్తే చలానా భయం ఎటూ ఉంటుంది. హెల్త్ పాలసీకి ఏడాదికోసారి కట్టేవాళ్ళకి గడువు దాటాక కట్టుకోవడానికి 30 రోజుల గ్రేస్ ఉంటుంది, నెలనెలా కట్టేవాళ్ళకి 15 రోజులే.

ఇక మనుషులు. అందరికీ ఒకేసారి వాట్సాప్‌లో ‘సారీ, బిజీగా ఉన్నాను’ అని పెట్టకు. అది నోటీసులా ఉంటుంది. రోజుకి ఇద్దరు చాలు, ఫోన్ చెయ్. ఫోన్లు చేసీ చేసీ మానేసిన వాళ్ళతో మొదలుపెట్టు. ఇంకా చేస్తూనే ఉన్నవాళ్ళకి నీ మీద కోపం రాలేదన్నమాటే. సంజాయిషీ ఒక్క మాటలో ముగించి వాళ్ళ సంగతులు అడుగు. నీ బ్రాంచి కష్టాలు చెప్పడం మొదలెడితే ఆ పది నిమిషాలూ అవే మింగేస్తాయి.

వెళ్ళలేకపోయిన పెళ్ళికి ఫోన్‌పేలో వెయ్యినూటపదహార్లు కొట్టి చేతులు దులుపుకోకు. కొత్త జంట ఇంట్లో ఉండే ఆదివారం కనుక్కుని, ఓ గంట కూర్చుని, ఆల్బమ్ చూసి రా. ఆల్బమ్ చూపించడానికి మనిషి దొరకడమే వాళ్ళకి పెద్ద కానుక.

పరామర్శ అలా కాదు. పెద్దకర్మ అయిపోయింది, ఇప్పుడేం వెళ్తాం అని మానేస్తారు చాలామంది. నిజానికి చుట్టాలంతా వెళ్ళిపోయాకే ఆ ఇంట్లో మనిషి అవసరం ఎక్కువ. మంగళ, శుక్రవారాలు కాకుండా చూసుకుని వెళ్ళు. భోజనానికి కూర్చోబెట్టే వేళకి కాకుండా సాయంత్రం నాలుగింటికి వెళ్ళు. ఎందుకు రాలేకపోయావో వాళ్ళు అడిగితే తప్ప చెప్పకు. లేచేటప్పుడు అలవాటు కొద్దీ ‘వెళ్ళొస్తా’ అనేస్తావు, అది అనకూడదు. చెయ్యి పట్టుకుని ఊరికే బయల్దేరు.

ఇల్లు తర్వాత. ఒక్క ఏసీ సంగతి మాత్రం ఎండలు ముదరకముందే చూడు. స్విచ్ ఆపి, ముందు మూత ఎత్తి, దుమ్ము పట్టే ఫిల్టర్ జాలీలు బయటికి లాగి, మామూలు కుళాయి నీళ్ళ కింద కడిగి నీడలో ఆరబెట్టు. దుమ్ము పట్టిన జాలీతో నడిపిస్తే గాలి అందక లోపల కాయిల్ మీద ఐసు కడుతుంది. అది కరిగి గోడ మీదుగా మంచం మీదకి కారుతుంది. గ్యాస్ అయిపోయిందేమో అంటూ మెకానిక్ బిల్లు రాసేది చాలాసార్లు ఈ జాలీ పుణ్యమే.

మీ అమ్మకి క్షమాపణలు అక్కర్లేదు. ఫోన్ చేసి, ఈ ఏడాది ఆవకాయ ఎన్ని కాయలు పెడుతున్నావని అడుగు, చాలు. కాయ మంచిగా దిగే వారం తనే చెబుతుంది. ఆ వారానికి రెండు రోజుల సెలవు ఇప్పుడే రాసి పెట్టెయ్, మేలో అడిగితే మీ మేనేజరు ఇవ్వడు. పాత జాడీ ఖాళీ అయితే కడిగి రెండెండలు ఎండబెట్టి పట్టుకెళ్ళు. అడుగున తడి ఉంటే ఆవకాయ బూజు పడుతుంది.

ఆశీస్సులతో,
మావయ్య