గుర్తు చేసే స్క్రిప్టు రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టును, అంటే కంప్యూటర్ వరుసగా నడిపే ఆదేశాల ఫైల్‌ను, రెండుసార్లు చదివాను. 45 నిమిషాలకొకసారి కుర్చీలోంచి లేవమనీ, రాత్రి 9 గంటలకు కథ ముందు కూర్చోమనీ తెరమీద ఒక చీటీ కనబడాలన్న నీ కోరిక సబబైనదే. దానికి నువ్వు ఎంచుకున్న దారి మాత్రం నాకు నచ్చలేదు. ఒకే పనిని అంతం లేకుండా మళ్లీ మళ్లీ చేసే లూప్ ఒకటి రాసి, అందులో 2,700 సెకన్ల స్లీప్, అంటే 45 నిమిషాల విరామం, పెట్టావు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ కిటికీ మూస్తే ఆ లూప్ ఆగిపోతుంది; ల్యాప్‌టాప్ మూత వేసి భోజనానికి వెళ్తే అంతసేపూ దాని లెక్క కదలదు; యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టిన ప్రతిసారీ స్క్రిప్టును నడపాలన్న సంగతి నువ్వే గుర్తుంచుకోవాలి. అప్పుడిక ఎవరు ఎవరికి గుర్తు చేస్తున్నట్టు?

గంటలు లెక్కపెట్టే పనిని, చెప్పిన వేళకు చెప్పిన ఆదేశాన్ని తనంతట తానే నడిపే క్రాన్ అనే ప్రోగ్రాంకు అప్పగించు. అది యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 1979 నాటి ఏడవ వెర్షన్‌లోనే ఉంది. 1987లో పాల్ విక్సీ కొత్తగా రాసిన క్రాన్ వారసులు నేటికీ ఎన్నో లినక్స్ యంత్రాల్లో పనిచేస్తున్నాయి. క్రాన్ పట్టికలో ఒక్కో పనికి ఒక వరుస; అందులో నిమిషం, గంట, తేదీ, నెల, వారంలో రోజు అనే 5 గడులు, ఆ తరువాత నడపవలసిన ఆదేశం, అంతే. రాత్రి 9 గంటల చీటీకి మొదటి గడిలో 0, రెండో గడిలో 21, మిగిలిన మూడింటిలో ‘ప్రతి’ అని అర్థమిచ్చే స్టార్ గుర్తు పెడితే సరిపోతుంది. చిక్కంతా నీ 45 నిమిషాల దగ్గర వస్తుంది. నిమిషాల గడిలో స్టార్, స్లాష్, 45 అని రాస్తే మనం ‘ప్రతి 45 నిమిషాలకు’ అని చదువుకుంటాం, క్రాన్ మాత్రం ‘ప్రతి గంటలో 0వ నిమిషాన, 45వ నిమిషాన’ అని చదువుకుంటుంది. అంటే ఒక చీటీ వచ్చిన 15 నిమిషాలకే ఇంకొకటి వస్తుంది. అక్కడ 60ని శేషం లేకుండా భాగించే సంఖ్యలే కుదురుతాయి. నా మాట వింటే లేవడానికి గంటకొక చీటీ చాలు.

క్రాన్‌ట్యాబ్‌ను, అంటే ఆ వరుసలుండే పట్టికను, దిద్దడానికి ‘ఇ’ (e) అక్షరం, పట్టిక మొత్తాన్ని తుడిచేయడానికి ‘ఆర్’ (r) అక్షరం వాడతారు, కీబోర్డు మీద ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి. తుడిచేముందు అది మామూలుగా ‘నిజంగానా?’ అని కూడా అడగదు. ఒక అర్ధరాత్రి నా వేలు జారి ఏళ్ల తరబడి కూర్చిన పట్టిక పోయిన నాటినుంచి దాని నకలు ఒకటి వేరే ఫైల్‌లో దాచుకుంటున్నాను.

చీటీని తెరమీద చూపే నోటిఫై-సెండ్ ఆదేశం టెర్మినల్‌లో చక్కగా పలికినా, క్రాన్ నుంచి నడిపితే నోరు మెదపకపోవచ్చు. క్రాన్ నీ డెస్క్‌టాప్‌కు బయట నిలబడి పనిచేస్తుంది కనుక తెర ఏదో, సందేశాలను మోసే డీబస్ చిరునామా ఏదో దానికి తెలియదు. ఆ రెండింటినీ స్క్రిప్టు మొదటి వరుసల్లోనే చెప్పాలి. ఆ చిరునామాలో నీ యూజర్ సంఖ్య ఉంటుంది, ఉబుంటులో మొదటి యూజర్‌కు అది సాధారణంగా 1000. నువ్వు చీటీని తెలుగులో రాస్తున్నావు కాబట్టి తెలుగు అక్షరాలను గుర్తించే యూటీఎఫ్-8 లొకేల్‌ను (భాష, లిపి అమరికను) కూడా అక్కడే పేర్కొను. లేకపోతే క్రాన్ ఇచ్చే మొండి లొకేల్‌లో మన అక్షరాలు చెల్లని బైట్లని తిరస్కరణకు గురవుతాయి.

ఇక చీటీలోని మాట. నీ స్క్రిప్టులో అన్నిటికన్నా బలహీనమైన భాగం ఇదే, పైగా నువ్వు రోజూ చదివేది ఇదొక్కటే. ‘కథ రాయాలి’ అన్న చీటీని మొదటి వారం చదువుతావు, రెండో వారం నుంచి కన్ను చూడకముందే చెయ్యి దాన్ని మూసేస్తుంది. అందుకని మాటను స్క్రిప్టులో బిగించకుండా ఒక చిన్న ఫైల్‌లో పెట్టు. రాత్రి పని ఆపేటప్పుడు ‘తల్లి ఉత్తరం విప్పింది, ఇంకా చదవలేదు’ అని, ఎక్కడ ఆపావో ఒక్క వాక్యం అందులో రాసుకో, మరునాడు స్క్రిప్టు ఆ ఫైల్ మొదటి వరుసను తీసి చూపిస్తుంది. ఫైల్ ఖాళీగా ఉంటే చీటీ రాకూడదు. ఇదంతా కలిపినా పది వరుసలు దాటదు.

9 గంటలకు ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి ఉంటే క్రాన్ ఆ చీటీని వదిలేస్తుంది, మళ్లీ తేదు. దానికి చింతించకు, రాత్రి రావలసిన పిలుపు మరునాటి ఉదయం వచ్చి ఉపయోగం లేదు. నెలకొకసారి రాతప్రతుల నకళ్లు తీసుకోమనే చీటీ సంగతి వేరు. దానికి, లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీలోని టైమర్ పెట్టి, అందులో పర్సిస్టెంట్ అన్న అమరికను ఆన్ చేస్తే, తప్పిపోయిన చీటీని యంత్రం తెరిచాక అందిస్తుంది.

పరీక్షించడానికి రాత్రి 9 దాకా కాచుకోకుండా, రెండు నిమిషాల తరువాతి సమయం వేసి చూడు, తప్పులు ఒక ఫైల్‌లో పడేలా చెయ్యి. దిద్దిన స్క్రిప్టుతోపాటు ఈసారి క్రాన్‌ట్యాబ్ వరుసనూ, ఆ తప్పుల ఫైల్‌నూ కలిపి పంపు.

ఆశీస్సులతో.