లక్షా ఇరవై వేలు కట్టి పాఠం చెప్పడానికి వెళ్లాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఫైనలియర్, కంప్యూటర్ సైన్స్. ప్లేస్‌మెంట్ల సంగతి పక్కన పెట్టి, పరీక్షలవగానే కంబోడియాలోని సియెం రీప్‌లో రెండు నెలలు చిన్నపిల్లలకు ఇంగ్లిష్ చెప్పే వలంటీర్‌గా వెళ్తానంటోంది. ఏజెన్సీ లక్షా ఇరవై వేలు అడుగుతోంది, టికెట్ అదనం. ఆ సర్టిఫికెట్ ఎంఎస్‌కి పనికొస్తుందా, లేక గ్యాప్ కింద చూస్తారా? ఆ డబ్బుతో ఇక్కడే ఏదైనా కోర్సు చేయించడం మేలా?
- ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ముందు మీకు నిద్రపట్టే మాట చెప్తాను. రెండు నెలలు గ్యాప్ కాదండీ. ఆఖరి పరీక్ష రాశాక పట్టా చేతికొచ్చేసరికే అంత కాలం పట్టేస్తుంది. దాని గురించి టెన్షన్ వద్దు. ఇక సర్టిఫికెట్ అంటారా, కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కి చూసేది మార్కులు, ప్రాజెక్టులు, ప్రొఫెసర్ల రికమండేషన్ లెటర్లు. డబ్బు కట్టిన అందరికీ ఇచ్చే కాగితం అని అడ్మిషన్లు చూసేవాళ్లకూ తెలుసు.

ఈ ‘విదేశీ వలంటీరింగ్’ మీద నాకున్న అనుమానాలు వేరు. నా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయి ఇలాగే వెళ్లాడు. మొదటిరోజు రంగుల కార్డులు పట్టుకుని క్లాసులోకి వెళ్లాడట. ఎర్ర కార్డు పైకెత్తకముందే పిల్లలంతా ‘రెడ్’ అని అరిచారు. తర్వాత ఏ కార్డు వస్తుందో కూడా వాళ్లకి తెలుసు. రెండేసి వారాలకి ఒక కొత్త అక్కో అన్నయ్యో వచ్చి రంగుల దగ్గరే మొదలుపెడతారు, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. మన బడిలో మూడో తరగతికి టీచర్ పక్షానికోసారి మారితే మనం ఊరుకుంటామా? అదే కంబోడియా పిల్లలకైతే సేవ అంటున్నాం.

ఆ ‘బడి’ అనాథాశ్రమమైతే అసలు వద్దనే అంటాను. కంబోడియా ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో ఉన్నారని యూనిసెఫ్ ఏళ్లుగా చెబుతూనే ఉంది. చదువు చెప్పిస్తామని పేదల పిల్లల్ని ఊళ్ల నుంచి తీసుకొస్తారు. వాళ్లని చూడటానికి వచ్చే విదేశీయుల డబ్బుతో కొన్ని ఆశ్రమాలు నడుస్తాయి. మీరు కట్టే ఫీజులో కొంత అటే పోవచ్చు.

వీసా దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ‘టూరిస్ట్ వీసా చాలు, అక్కడికెళ్లాక చూసుకుందాం’ అన్నారంటే ఆ ఏజెన్సీకి దణ్ణం పెట్టేయండి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లని ఇదే కంబోడియాకి తీసుకెళ్లి సైబర్ మోసాల్లోకి దింపిన ముఠాల సంగతి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. మీరు పేపర్లో చదివే ఉంటారు. ప్రతి ఏజెన్సీ అలాంటిదని అనను. కానీ బడి పేరు, అడ్రసు, అక్కడ రోజూ ఉండే టీచర్ ఫోన్ నంబరు చేతికొచ్చేదాకా రూపాయి కట్టకండి. పిల్లల మధ్యకి వెళ్లే మనిషిని పోలీస్ వెరిఫికేషన్ సర్టిఫికెట్ అడగని బడి అయితే, అది తన పిల్లల్ని పట్టించుకోని బడే.

ఇప్పుడు మీకొక మాట, కోపం తెచ్చుకోకండి. అమ్మాయికి పాఠం చెప్పడం ఇష్టమా, లేక నాలుగేళ్ల కోడింగ్‌తో విసిగి కొన్నాళ్లు ఎటైనా వెళ్లాలనుందా? మీ ప్రశ్నలో ఆ ఊసే లేదు. ఎంఎస్ ఉంది, గ్యాప్ ఉంది, డబ్బు ఉంది. ఎంఎస్ అమ్మాయి కోరికా, మీ కోరికా? ఆమెను కూర్చోబెట్టి అడగండి. అడిగాక మధ్యలో మాట్లాడకండి, అదే మీకు కష్టం.

విసుగే కారణమైతే పదిరోజులు సరదాగా తిరిగి రమ్మనండి, ఖర్చూ తక్కువే. పాఠం మీద ఇష్టమైతే, ఈ నెల్లోనే దగ్గర్లోని సర్కారు బడి హెడ్మాస్టర్ని అడిగి, రోజూ ఒక పీరియడ్ చొప్పున నాలుగు వారాలు చెప్పి చూడమనండి. రెండో వారంలో పిల్లలు మాట వినడం మానేస్తారు. అప్పటికీ మర్నాటి పాఠానికి తయారవుతుంటే ఆ అమ్మాయిలో టీచర్ ఉన్నట్టే.

అప్పుడు దారులు చాలానే ఉన్నాయి. కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టా అని ఇంగ్లిష్ టీచర్లకిచ్చే శిక్షణ కోర్సు ఉంది, అందులో నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పిస్తారు, పక్కన కూర్చుని తప్పులు పడతారు. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఇంగ్లిష్ బోధనకే ప్రత్యేకంగా కోర్సులున్నాయి. పేదపిల్లల బడుల్లో పాఠం చెప్పే టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ రెండేళ్లు, హైదరాబాద్‌లోనూ ఉంది. వాళ్లే నెలనెలా డబ్బిస్తారు. విదేశమే కావాలంటే ఐక్యరాజ్యసమితి వలంటీర్ల కార్యక్రమం చూడండి, అక్కడా ఎదురు డబ్బు కట్టేది లేదు. సీటు దొరకడం మాత్రం కష్టమే. కంబోడియాకి తర్వాతైనా వెళ్లొచ్చు, బోధన నేర్చుకుని, కనీసం ఒక స్కూలు సంవత్సరం ఉండేలా.

ఏజెన్సీకి అడ్వాన్స్ ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే ఆగండి. ఇచ్చేసి ఉంటే, రసీదులో రిఫండ్ షరతు ఏముందో ఈ రాత్రే అమ్మాయితో కలిసి చదవండి.