పాత నాణేల యంత్రంలో పిడి తిప్పితే బొమ్మ ఎలా కదులుతుంది?

శాన్ ఫ్రాన్సిస్కోలో పియర్ 45 రేవు దగ్గరున్న మ్యూజే మెకానిక్‌లో, అంటే నాణెం వేసి ఆడించే పాత యంత్రాల మ్యూజియంలో, పిల్లలతో కలిసి ఇలాంటి యంత్రం చూశామని ఒకరు ఈ ప్రశ్న అడిగారు. మీరు చూసింది మ్యూటోస్కోప్ అయివుంటుంది. హెర్మన్ కాస్లర్‌కు 1895లో దానిమీద పేటెంటు వచ్చింది.

లోపల ఫిల్ము ఉండదు. ఒక చక్రం చుట్టూ దాదాపు 850 ఫోటో అట్టలు గుచ్చి ఉంటాయి. నాణెం వేసి పిడి తిప్పితే ఒక్కో అట్టా పైనున్న కొక్కేనికి తగిలి, క్షణం ఆగి, టపీమని పడిపోతుంది. ఆ వేగంలో కన్ను వాటిని విడదీయలేదు. బొమ్మ కదిలినట్టే కనిపిస్తుంది. నెమ్మదిగా తిప్పండి, మధ్యలో ఆపండి, మీ ఇష్టం. సినిమా హాల్లో ఈ అధికారం ఎక్కడిది! కాకపోతే ఒకసారికి ఒక్కరే చూడగలరు, ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే గొడవ ఖాయం.

అక్కడే పగలబడి నవ్వే పెద్ద బొమ్మ లాఫింగ్ సాల్ సంగతి వేరు. ఊగడం మోటారు పని, నవ్వు మాత్రం రికార్డింగే.