రైతుల ప్రశ్నలు – మా జవాబులు: గట్టున బంతి, చేలో సుడిదోమ

ప్రశ్న: అమలాపురం దగ్గర మాకు రెండెకరాల మాగాణి, దాని పక్కనే పాతిక సెంట్ల కూరగాయల మడి ఉన్నాయి. సార్వా వరిని సుడిదోమ తరచుగా దెబ్బతీస్తోంది. గట్ల మీద బంతి వేస్తే ఆ వాసనకు దోమ దరిచేరదని అంటున్నారు. నిజమేనా? కలుపును కూడా ఇలా మొక్కలతోనే అణచవచ్చా?

జవాబు: బంతి వాసనకు సుడిదోమ పారిపోదు. అది గాలివాటున వచ్చి, దుబ్బుల మొదళ్లలో నీటికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది. అయినా గట్ల మీద పూలమొక్కలు వేయమనే మేమూ చెబుతాము, కానీ కారణం వేరు. దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులూ, ఆ గుడ్లలోనే తమ గుడ్లు పెట్టే సన్నని బదనికలూ చేలో దోమ పలచగా ఉన్న రోజుల్లో నిలదొక్కుకోవాలంటే వాటికి తేనె, పుప్పొడి దగ్గరలోనే దొరకాలి. ఈ పనికి బంతి కంటే నువ్వు, అలసంద మేలు. అలసందపై చేరే పేనుబంక వరికి రాదు సరికదా, అక్షింతల పురుగులకు ఆహారమవుతుంది. నువ్వు నీటి నిలువను ఓర్వలేదు కనుక దానిని ఎత్తయిన గట్లకే పరిమితం చేయండి. నాట్లు ముగిసిన వెంటనే విత్తితే, దోమ పెరిగే సెప్టెంబరు, అక్టోబరు నాటికి గట్లు పూత మీద ఉంటాయి.

అయితే గట్టున పూలు పెంచుతూ చేలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు చల్లితే శ్రమంతా వృథా. అవి ముందుగా మిత్రపురుగులనే చంపి, దోమ మళ్లీ విజృంభించడానికి దారి ఇస్తాయి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలడం, యూరియా మోతాదు మించకపోవడం, దోమ కనిపించినప్పుడు చేను ఆరగట్టడం ఎలాగూ తప్పనివి. ఇవి లేకుండా గట్టు పంట ఒక్కటే సుడిదోమను ఆపుతుందని మేము చెప్పలేము.

బంతికి అసలైన చోటు మీ కూరగాయల మడి. టమాటాలో కాయతొలుచు పురుగు తల్లి రెక్కలపురుగు బంతి మొగ్గలపై గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది కనుక, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ప్రతి 16 టమాటా సాళ్లకు ఒక బంతి సాలు వేయమని సూచించింది; నాటేనాటికి బంతి నారుకు సుమారు 40 రోజులు, టమాటా నారుకు 25 రోజులు ఉంటే రెండింటి పూత కలుస్తుంది. బంతిపై చేరిన పురుగులను ఏరివేయకపోతే మాత్రం ఆ సాలు పురుగులను పెంచే మడిగా మారుతుంది. బెండ వేస్తే, తెల్లదోమ రాకను కొంత తగ్గించడానికి మడి చుట్టూ రెండు మూడు వరుసల జొన్న గాని మొక్కజొన్న గాని ముందుగానే వేసుకోండి.

కలుపు విషయంలో మొక్కల సాయం పరిమితమే. నీరు నిలిచిన ఊడ్పు చేలో అజొల్లా (నీటిపై తేలే చిన్న నాచులాంటి మొక్క) దట్టంగా పరుచుకుంటే నీటిపై వెలుతురు తగ్గి కొత్త కలుపు మొలకలు అణగుతాయి. అప్పటికే పైకి లేచిన ఊదను, తుంగను అది ఏమీ చేయదు. నేరుగా విత్తిన వరిలో జీలుగ కలిపి చల్లి, 25–30 రోజులకు 2,4-డి అనే కలుపు మందుతో ఆ జీలుగను మాడ్చే పద్ధతి ఉన్నా అది మందు లేని సేద్యం కాదు. పైగా ఆ మందు తుంపర గట్టు మీది అలసందను, పక్కనున్న టమాటాను కూడా మాడ్చివేస్తుంది.

ప్రశ్న: వరి కోతకు ముందు చల్లిన మినుములో బంగారు తీగ అల్లుకుపోతోంది. పక్కన ఏదైనా వేస్తే తగ్గుతుందా?

జవాబు: పక్కన వేస్తే తగ్గదు, పంట మారిస్తే తగ్గుతుంది. ఇతర మొక్కలను అల్లుకుని వాటి రసం పీల్చి బతికే ఈ తీగ జొన్న, మొక్కజొన్న వంటి గడ్డిజాతి పైర్ల మీద బతకలేదు కనుక, నీటి వసతి ఉంటే ఆ చేలో వరి తరువాత కొన్నేళ్లు వాటినే వేయండి. దాని విత్తనం నేలలో ఏళ్ల తరబడి చావదు. ఒక్క ఏడాది మార్పు చాలదు. ఈలోగా తీగ పూతకు రాకముందే అది అల్లుకున్న మినుము మొక్కలతో సహా పీకి తగలబెట్టండి, విత్తనపు మినుములను తప్పనిసరిగా జల్లెడ పట్టండి.