స్కోర్లు, సీడీల కేటలాగింగ్‌ ఎక్కడ మొదలుపెట్టాలి? సదస్సుకు వెళ్తే పని నేర్చుకోవచ్చా?

మీరు అడిగినవి రెండు. పుస్తకాల కేటలాగింగ్ బాగా వచ్చు గానీ ఇప్పుడు విరాళంగా వచ్చిన పాశ్చాత్య సంగీతపు స్కోర్లు (స్వరలిపి అచ్చువేసిన పుస్తకాలు), సీడీలు, కొన్ని ఎల్పీలు చేతికొచ్చాయి, వీటిని ఎలా ఎక్కించాలి అన్నది ఒకటి. సంగీత గ్రంథాలయాల వాళ్ల సదస్సుకు వెళ్తే ఇది నేర్చుకోవచ్చా అన్నది రెండోది. ఈ పనిలోనే ఉన్నదాన్ని కాబట్టి మొదటిదాని గురించి కాస్త వివరంగానే రాస్తాను.

పుస్తకమైతే టైటిల్ పేజీ చూడగానే సగం పని అయిపోతుంది. స్కోరు దగ్గర అలా కుదరదు. అట్ట మీద ‘సొనాటా’ అని మాత్రమే ఉన్న స్కోర్లు లెక్కలేనన్ని. అదే రచన ఒక ప్రచురణలో జర్మన్ పేరుతో, ఇంకోదానిలో ఫ్రెంచ్ పేరుతో, మరోదానిలో జనం పెట్టుకున్న ముద్దుపేరుతో కనిపిస్తుంది. అందుకే ఎవరైనా ఇప్పటికే ఎంట్రీ చేశారేమో చూసేటప్పుడు టైటిల్‌తో వెతకొద్దు, నంబరుతో వెతకండి.

స్కోరులో సంగీతం ఉన్న ప్రతి పేజీ అడుగునా మధ్యలో చిన్న అక్షరాల్లో ఒక నంబరు ఉంటుంది. అది ప్లేట్ నంబరు. అట్ట మీదో టైటిల్ పేజీ మీదో ఉండేది ప్రచురణకర్త నంబరు. రెండూ మార్క్ 21లో (ఒక్కో వివరానికి ఒక్కో నంబరు ఫీల్డు ఇచ్చి ఎంట్రీని కంప్యూటర్లో రాసే పద్ధతి) 028 ఫీల్డులోకే వెళ్తాయి, మొదటి ఇండికేటరే (ఫీల్డు నంబరు పక్కన వేసే అంకె) తేడా: ప్లేట్ నంబరుకు 2, స్కోరు మీది ఇతర ప్రచురణ నంబరుకు 3. నంబరు ముందున్న అక్షరాలను వదిలేయకండి, అవి నంబరులో భాగమే. చివర అడ్డగీత పెట్టి పేజీ సంఖ్య చేర్చి ఉంటే మాత్రం దాన్ని వదిలేయాలి. ఇది గమనించక మొదటి పేజీలో కనిపించింది కనిపించినట్టు ఎక్కిస్తే తర్వాత ఎవరు వెతికినా ఆ ఎంట్రీ దొరకదు, డూప్లికేటు పుడుతుంది.

కొత్త స్కోర్ల మీద ఐఎస్ఎంఎన్ (అచ్చు సంగీతానికి ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య) ఉంటుంది. 2008 నుంచి అది 979-0తో మొదలయ్యే 13 అంకెల సంఖ్య. అంతకుముందు ఎం అక్షరం, దాని వెనక 9 అంకెలు ఉండేవి. పాతదాన్ని కొత్తదిగా మార్చాలంటే ఎం తీసేసి 979-0 పెడితే చాలు, చివరి చెక్ అంకె మారదు. ఇది 024 ఫీల్డులో మొదటి ఇండికేటరు 2తో వెళ్తుంది. 979 చూసి ఐఎస్‌బీఎన్ అనుకుని 020లో పెట్టేవాళ్లు చాలామంది, అది తప్పు.

ఇక అసలైన చిక్కు టైటిల్. 245లో మీ చేతిలో ఉన్నది ఉన్నట్టే రాయాలి. ఆ పేరులో ఉన్నది రచనా రూపం, వాద్యం, కీ (శ్రుతి), నంబరు, ఓపస్ (స్వరకర్త రచనకు ఇచ్చిన ప్రచురణ సంఖ్య) మాత్రమే అయితే అదంతా ప్రధాన శీర్షికే అవుతుంది, మొత్తం ‘ఏ’ సబ్‌ఫీల్డులోనే ఉండాలి. ప్రత్యేకమైన పేరుంటేనే కీ, ఓపస్ లాంటివి బీ సబ్‌ఫీల్డులోకి వెళ్తాయి. అన్ని ప్రచురణలనూ ఒకచోటికి చేర్చే పని, స్థిరీకరించిన శీర్షిక రాసే 240 ఫీల్డుది. అక్కడి వరుస స్థిరం: రూపం, వాద్యం, క్రమసంఖ్య, ఓపస్ లేదా సూచీ సంఖ్య (ఆ స్వరకర్త రచనల జాబితా గ్రంథంలో ఇచ్చినది), కీ. జనం ‘మూన్‌లైట్’ అనే బీథోవెన్ రచన అక్కడ ‘సొనాటాలు, పియానో, నం. 14, ఓపస్ 27, నం. 2, సీ షార్ప్ మైనర్’ అవుతుంది. ఆ స్వరకర్త ఆ రూపంలో ఒకటికి మించి రాశాడు కాబట్టి బహువచనం. మూన్‌లైట్ అన్న పేరు అథారిటీ ఎంట్రీలో (రచనకు ఖాయం చేసిన పేరు, దాని మారుపేర్లు ఉండే ఎంట్రీ) ‘చూడు’ పేరుగా ఉంటుంది. మీ స్కోరు అట్ట మీద కూడా అదే పేరుంటే 246లో పెట్టండి, పాఠకులు వెతికేది దాంతోనే.

క్రమసంఖ్య ఒక్కదాన్నే నమ్మితే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. డ్వోర్జాక్ ‘న్యూ వరల్డ్’ సింఫనీ పాత ముద్రణల్లో నం. 5గా ఉంటుంది. ఆయన జీవితకాలంలో అచ్చయిన సింఫనీలు అయిదే, వాటిలో ఇది అయిదోది. తర్వాత మొదటి నాలుగూ కూడా లెక్కలోకి రావడంతో ఇది నం. 9 అయింది. ఇప్పుడు నం. 5 అంటే వేరే సింఫనీ, ఎఫ్ మేజర్‌లో ఉన్న ఓపస్ 76. పాత స్కోరు చూసి 240లో 5 అని కొడితే అది వెళ్లి ఆ ఎఫ్ మేజర్ సింఫనీ కింద కూర్చుంటుంది, ‘న్యూ వరల్డ్’ కోసం వచ్చిన వాద్యకారుడికి మీ దగ్గర అది లేనట్టే. ఇక్కడ దారి చూపేవి ఓపస్ 95, ఈ మైనర్ కీ. అందుకే నా పద్ధతి ఎప్పుడూ ఒకటే: కీ, ఓపస్ రెండూ సరిపోలితేనే క్రమసంఖ్యను ఒప్పుకోవడం. అప్పటికీ అనుమానముంటే మొదటి పేజీలోని తొలి స్వరాలను సూచీ గ్రంథంలోని స్వరాలతో పోల్చి చూడటం. స్వరలిపిని వేగంగా చదవడం రాకపోయినా ఫర్వాలేదు, నాలుగైదు బార్లు ఆకారంతో సరిపోల్చగలిగితే చాలు.

ఓపస్ సంఖ్యలు లేనివాళ్లకు, ఉన్నా నమ్మదగనివాళ్లకు సూచీ సంఖ్యలే ఆధారం. మొజార్ట్‌కు కోహెల్ 1862లో వేసిన సూచీ, బాఖ్‌కు 1950 నాటి బీడబ్ల్యూవీ సూచీ, షూబర్ట్‌కు 1951 నాటి డాయిచ్ సంఖ్యలు, వివాల్డికి ఆర్‌వీ సంఖ్యలు. వీటిలోనూ జాగ్రత్త కావాలి. మొజార్ట్ 25వ సింఫనీ కొన్ని అట్టల మీద కే. 183, కొన్నింటి మీద 173డీబీ. రెండూ ఒకటే, సూచీ సవరణల్లో సంఖ్య మారిందంతే. వివాల్డికైతే ఆర్‌వీ కాక కనీసం మూడు వేరే లెక్కలున్నాయి, పాత ఎల్పీల మీద ఏ లెక్క వాడారో చూసుకున్నాకే ఎక్కించండి.

వాద్యాలను రాసే 382 ఫీల్డును చాలామంది ఖాళీగా వదిలేస్తారు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. సంగీతం వాయించేవాళ్లు అడిగేది ‘క్లారినెట్, చెల్లో, పియానోలకు ఏమైనా ఉందా’ అని. దానికి సూటిగా జవాబు చెప్పగలిగేది ఈ ఫీల్డే. ‘పియానో ట్రయో’ అంటే మూడు పియానోలు కాదు. పియానో, వయొలిన్, చెల్లో. ఆ మూడింటినీ విడివిడిగా రాయాలి. స్ట్రింగ్ క్వార్టెట్‌కు వయొలిన్ 2, వయోలా 1, చెల్లో 1, మొత్తం 4 అని ఏ, ఎన్, ఎస్ సబ్‌ఫీల్డుల్లో వస్తుంది. ఒకే మనిషి ఫ్లూటూ పికొలో మార్చి మార్చి వాయిస్తే పికొలో డీలో పెట్టాలి, మనుషుల లెక్క పెంచకూడదు. ‘ఫ్లూట్ లేదా వయొలిన్’ అని ఉంటే రెండోది పీలో. సోలో వాద్యం బీలో. పదాలను సొంతంగా తయారు చేయకుండా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాద్య పదకోశం నుంచే తీసుకుని, ఆ పదకోశం కోడును 2 సబ్‌ఫీల్డులో ఇవ్వండి. అరేంజ్‌మెంట్ అయితే మీ చేతిలో ఉన్న దానికి కావలసిన వాద్యాలే రాయాలి, మూలానివి కాదు. 240 చివర ‘అరేంజ్డ్’ చేర్చడం మర్చిపోవద్దు.

భౌతిక వివరణలో ఎక్కువగా తప్పయ్యేది వయొలిన్–పియానో సొనాటా. పియానో వాయించే పుస్తకంలో వయొలిన్ వరుస కూడా పైన అచ్చై ఉంటుంది, కాబట్టి అది స్కోరు. విడిగా ఉన్నది వయొలిన్ పార్టు (ఆ ఒక్క వాద్యపు వరుసే ఉన్నది). అంటే ఒక స్కోరు, ఒక పార్టు. రెండు పార్టులు కావు. వోకల్ స్కోరు అన్న మాటనూ అట్ట మీద చూసి వాడేయకండి. ఆర్కెస్ట్రా భాగాన్ని పియానోకు కుదించినప్పుడో, వాద్యాలను పూర్తిగా వదిలేసినప్పుడో మాత్రమే అది వోకల్ స్కోరు. స్వరకర్త మొదటి నుంచీ పియానోకే రాస్తే అది మామూలు స్కోరే, ప్రచురణకర్త ఏ పేరు పెట్టినా సరే.

పార్టులను బార్‌కోడ్ ఇచ్చేటప్పుడే లెక్కపెట్టి, ఆ సంఖ్యను ఎంట్రీలోనూ జేబు మీదా రాయండి. ప్రతి పార్టు మీదా కాల్ నంబరు వేయండి. నాలుగు పార్టుల్లో వయోలా పోతే మిగిలిన మూడూ ఎవరికీ పనికిరావు. తిరిగి తీసుకునే వాళ్లు లెక్క చూడాలంటే ఆ అంకె వాళ్ల కళ్ల ముందు ఉండాలి. బైండింగ్ మడత గుండా కుట్టించండి, గట్టి జిగురు బైండింగ్ వద్దు. స్టాండ్ మీద విప్పి పెడితే తనంతట తానే మూసుకుపోయే స్కోరుతో ఎవరూ వాయించలేరు.

డిస్కుల దగ్గర ముందు తేదీ చూసుకోండి. వలయంలో పీ గుర్తు శబ్దముద్రణ హక్కుది, వలయంలో సీ గుర్తు బుక్‌లెట్, అట్ట బొమ్మలది. సీడీలు మార్కెట్లోకి వచ్చింది 1982లో, కాబట్టి సీడీ మీద పీ 1965 అని ఉంటే అది పాత రికార్డింగు ఏడాది, ఆ సీడీ ప్రచురణ ఏడాది కానే కాదు. ప్రచురణ తేదీని ఊహించి 264లో చదరపు కుండలీకరణాల్లో పెట్టి, రికార్డు చేసిన తేదీ, స్థలం 518లో ఇవ్వండి. స్కోర్లకూ ఇంతే: పునర్ముద్రణల్లో పాత కాపీరైట్ ఏడాదినే అలాగే ఉంచేస్తారు. 306లో వ్యవధి ఆరంకెలు, గంటలు నిమిషాలు సెకన్లు. 75 నిమిషాలంటే 011500, 007500 కాదు. డిస్కు మీద, వెన్ను మీద నంబర్లు వేర్వేరుగా ఉంటే రెండూ 028లో ఇవ్వండి. ఎల్పీకి లేబుల్ మీది నంబరే ముఖ్యం. మోనో, స్టీరియో ముద్రణలకు నంబర్లు వేరుగా ఉంటాయి.

ఒక డిస్కులో మూడు రచనలుంటే 505లో విషయసూచిక రాసి ఊరుకోవద్దు. ఒక్కో రచనకూ రెండో ఇండికేటరు 2తో 700 ఇవ్వండి, స్వరకర్త పేరు, స్థిరీకరించిన శీర్షిక రెండూ అందులోనే. ఇరవై పాటల సంకలనానికి మాత్రం అన్నీ చేయనక్కర్లేదు, సమయం చూసుకోండి.

సదస్సు సంగతికి వస్తే, అంతర్జాతీయంగా 1951లో పారిస్‌లో ఏర్పడిన ఐఏఎంఎల్ (సంగీత గ్రంథాలయాల అంతర్జాతీయ సంఘం) ఉంది, ఏటా ఒక్కో దేశంలో దాని మహాసభ. అమెరికాలో 1931 నుంచి మ్యూజిక్ లైబ్రరీ అసోసియేషన్ ఉంది. సదస్సులో ఓనమాలు నేర్పరు. పదిహేను నిమిషాల ప్రసంగంలో 382 ఎలా నింపాలో ఎవరూ చెప్పరు, నియమాల్లో రాబోయే మార్పుల గురించి మాట్లాడతారు. దానికి ముందురోజు వర్క్‌షాపు ఉంటే దానికి వెళ్లండి, లేకపోతే ముందు ఆ అసోసియేషన్ ఉచితంగా ఇచ్చే సంగీత కేటలాగింగ్ మార్గదర్శకాలు పక్కన పెట్టుకుని ముప్పై నలభై ఎంట్రీలు సొంతంగా చేయండి. అప్పుడు మీకు నిజమైన ప్రశ్నలు పుడతాయి, సదస్సు వాటికి పనికొస్తుంది.

వెళ్లేటప్పుడు తేలని అయిదారు స్కోర్ల ఫొటోలు తీసుకెళ్లండి: అట్ట, టైటిల్ పేజీ, సంగీతం మొదలయ్యే పేజీ మొత్తం, ప్లేట్ నంబరు కనబడేలా ఒక పేజీ అడుగు భాగం, ఆఖరి పేజీ. పక్కన మీరు రాసిన మార్క్ ఎంట్రీ కూడా. కేటలాగింగ్ విభాగాల సమావేశాల్లో చాలావాటికి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, కార్యక్రమపత్రంలో బహిరంగ సమావేశమని ఉందేమో చూడండి. అది ముగిశాక ఫొటో చూపించి ‘దీనికి 240 ఏమిటి’ అని అడిగితే చుట్టూ నలుగురు చేరి వాదించుకుంటారు. ఆ పదినిమిషాల్లో వచ్చేది ఏ ప్రసంగంలోనూ రాదు. ప్రయాణ సాయానికి దరఖాస్తు గడువులు సదస్సుకు చాలా నెలల ముందే ముగుస్తాయి, తేదీలు ప్రకటించిన రోజే గడువు కూడా చూసి పెట్టుకోండి.