అమెరికా అంతర్యుద్ధ కొనుగోళ్ల అక్రమాలకు యుద్ధమంత్రి కామెరాన్‌కు శిక్ష పడిందా?

లేదు, లింకన్ మంత్రివర్గంలోని సైమన్ కామెరాన్ 1862 జనవరిలో పదవి వదులుకోవలసి వచ్చింది, ఏప్రిల్‌లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభ ఆయనను తప్పుపడుతూ తీర్మానించింది, కానీ న్యాయస్థానంలో ఏ శిక్షా పడలేదు.

కారణం ఏమిటంటే, 1861లో కొన్ని వేల సైన్యం నెలల వ్యవధిలోనే లక్షలకు పెరగడంతో పోటీ టెండర్లు లేకుండానే కొనుగోళ్లు జరిగాయి. విచారణలో బయటపడింది ప్రధానంగా మంత్రి అజాగ్రత్త, పక్షపాతమే తప్ప, ఆయన సొంతానికి డబ్బు తీసుకున్నట్టు రుజువు కాలేదు. ఉదాహరణకు, అలెగ్జాండర్ కమింగ్స్ అనే రాజకీయ మిత్రుడికి ఏ హామీ పత్రమూ లేకుండా ప్రభుత్వ ధనాన్ని అప్పగిస్తే, కమింగ్స్ సైన్యం అడగని గడ్డి టోపీలు, నార లాగులు కూడా కొన్నాడు. మే నెలలో లింకన్ స్వయంగా కాంగ్రెస్‌కు సందేశం పంపి, అలా ధనం అప్పగించిన నిర్ణయంలో తనకూ ఇతర మంత్రులకూ కనీసం సమాన బాధ్యత ఉందని ఒప్పుకున్నాడు (పాలకుల్లో ఇది అరుదు). అప్పటికే కామెరాన్‌ను రష్యాకు రాయబారిగా నియమించారు.

సభ తీర్మానాన్ని చాలామంది పదవి నుంచి తొలగించే అభిశంసన విచారణగా పొరబడతారు. అది నిందను నమోదు చేయడమే. అలాగే 1863 నాటి మోసపూరిత క్లెయిముల చట్టం మంత్రుల కోసం వచ్చినది కాదు, ప్రభుత్వాన్ని మోసగించిన గుత్తేదారుల నుంచి నష్టానికి రెట్టింపు సొమ్ము, దానిపై జరిమానా రాబట్టడానికి వచ్చింది.