బిల్డింగ్ మెయింటెనెన్స్‌లో ఇంటర్న్‌షిప్: చేర్చండి, కానీ ముందు బేస్‌మెంట్ చూసి రండి

మీ తమ్ముడు ఎలక్ట్రికల్ డిప్లొమా ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. హైదరాబాద్‌లో ఒక ఐటీ పార్కు మెయింటెనెన్స్ చూసే కంపెనీ ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇస్తానంటోంది. మీ నాన్నగారేమో "మోటార్లు ఆన్ చేసి ఆఫ్ చేసే పనికా ఇంత చదివించింది" అంటున్నారు. చేర్చాలా వద్దా అని అడిగారు.

చేర్చండి. మా నాన్న కూడా అచ్చం ఇదే మాటన్నాడు, కాకపోతే మా ఇంట్లో మోటార్ అంటే పొలంలో బోరు మోటారే. నేను ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడ్ చేసి 2011లో గచ్చిబౌలి వైపు ఒక బిల్డింగ్‌లో ట్రైనీగా చేరాను. తర్వాత ఒక ఆసుపత్రి, ఒక హోటల్, మళ్లీ ఐటీ పార్కు. ఇప్పుడు నా కింద ట్రైనీలు పనిచేస్తున్నారు. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందు ఆ పని ఏంటో చెప్తాను, నాన్నగారికి వివరించడానికి పనికొస్తుంది. పది పన్నెండు అంతస్తుల అద్దాల బిల్డింగ్ ఒకటి ఊహించుకోండి. కింద ట్రాన్స్‌ఫార్మర్, హెచ్‌టీ, ఎల్‌టీ (ఎక్కువ, తక్కువ వోల్టేజీ) ప్యానెళ్లు, డీజిల్ జనరేటర్లు, ఏసీ కోసం నీళ్లని చల్లబరిచే చిల్లర్లు, పంపులు, ఫైర్ పంప్ రూమ్, నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు, మురుగునీటిని శుద్ధి చేసే ఎస్‌టీపీ ఉంటాయి. పైన టెర్రస్ మీద చిల్లర్ల వేడిని బయటికి వదిలే కూలింగ్ టవర్లు, ప్రతి ఫ్లోర్‌లో చల్లగాలి పంపే ఏహెచ్‌యూలు, మధ్యలో లిఫ్టులు. ఇవన్నీ ఇరవై నాలుగు గంటలూ నడవాలి, నడుస్తున్నాయని పైన కూర్చున్న ఎవరికీ తెలియకూడదు. వాటిని నడిపేవాడే ఆపరేటింగ్ ఇంజనీర్. మన దగ్గర ఆ పేరు తక్కువ, టెక్నీషియన్ అనో షిఫ్ట్ ఇంజనీర్ అనో అంటాం. అమెరికాలో ఈ పనివాళ్ల యూనియన్ ఆవిరి యంత్రాలు నడిపేవాళ్ల సంఘంగా 1896లో షికాగోలో మొదలైంది. న్యూయార్క్‌లో పెద్ద రిఫ్రిజిరేషన్ ప్లాంటు నడపాలంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే లైసెన్సు ఉండాలి. మన దగ్గర అంత గౌరవం ఇంకా రాలేదు. ఏసీ చల్లగా లేకపోతే తిట్టడానికి మాత్రమే మేం గుర్తొస్తాం.

ఇక ఇంటర్న్‌షిప్‌లో నిజంగా నేర్పేది ఏంటంటే, లాగ్ బుక్. నవ్వకండి. గంట గంటకీ మీటర్లు, గేజీలు చూసి రీడింగులు రాయడం. మొదటి వారం కొత్తగా ఉంటుంది, రెండో వారానికి విసుగొస్తుంది, మూడో వారానికి ప్రతి ట్రైనీ చేసే తప్పు చేస్తాడు. నేనూ చేశాను.

ఏప్రిల్ నెల, నేను చేరి రెండు నెలలు కూడా కాలేదు. మూడు చిల్లర్లలో రెండు నడుస్తున్నాయి. పదకొండు గంటల రీడింగులు చూసి రాశాను. పన్నెండుకి, ఒంటిగంటకి చూడకుండానే రాసేశాను, పదకొండు గంటల అంకెల్నే ఒక పాయింటు అటూ ఇటూ మార్చి. రెండు దాటాక ఒక చిల్లర్ హై ప్రెషర్ మీద ట్రిప్ అయింది, అంటే తనంతట తను ఆగిపోయింది. పది నిమిషాల్లో ఫ్లోర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మా షిఫ్ట్ ఇంజనీర్ అన్న స్టాండ్‌బై చిల్లర్ స్టార్ట్ చేయించి, టెర్రస్ మీదికి పరుగెత్తాడు. కూలింగ్ టవర్ ఫ్యాన్ బెల్టు తెగి పడి ఉంది. మోటార్ తిరుగుతోంది, ఫ్యాన్ ఆగిపోయింది. ఆ బిల్డింగ్‌లో బీఎంఎస్ ఉంది, కంప్యూటర్ తెరమీద అన్నీ కనిపిస్తాయి. కానీ ఫ్యాన్ నడుస్తోందా లేదా అనేది అది కాంటాక్టర్ నుంచి, అంటే మోటార్‌కి కరెంటు ఇచ్చే స్విచ్ నుంచి తీసుకుంటుంది. కాంటాక్టర్ ఆన్‌లోనే ఉంది, అందుకే తెరమీద ఫ్యాన్ గుర్తు పచ్చగానే మెరుస్తోంది.

అన్న కిందికొచ్చి లాగ్ బుక్ తీశాడు. "ఒంటిగంటకి కండెన్సర్‌లోకి పోయే నీళ్లు 30.5 డిగ్రీలు అని రాశావు. అప్పుడు బెల్టు ఉందా తమ్ముడూ?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. కండెన్సర్ అంటే చిల్లర్ తన వేడిని నీళ్లకి వదిలే భాగం, ఆ నీళ్లని చల్లబరిచేది టవర్ ఫ్యానే. అది ఆగితే ఆ అంకె 31, 33, 35 అని మెట్లెక్కుతూ పోతుంది. నేను నిజంగా చూసి రాసి ఉంటే పన్నెండింటికే దొరికిపోయేది, ఒక బెల్టు మార్చడంతో పోయేది. తర్వాత వారం రోజులు గంటకోసారి నన్ను టెర్రస్ ఎక్కించి, ఫ్యాన్ తిరగడం కళ్లతో చూసి వచ్చాకే రాయమన్నాడు.

అప్పటి నుంచీ అంకెల్ని పోల్చి చదవడం అలవాటైంది. మీ తమ్ముడికి ఇది చెప్పండి: ఎక్కువ ప్లాంట్లలో చిల్లర్ నుంచి నీళ్లు సుమారు 7 డిగ్రీలతో వెళ్లి, బిల్డింగ్ వేడి తీసుకుని 12 డిగ్రీలతో తిరిగొస్తాయి. గంటకి ఎన్ని ఘనపు మీటర్ల నీళ్లు పారుతున్నాయో దాన్ని ఆ తేడాతో గుణించి, 3.024తో భాగిస్తే చిల్లర్ ఎన్ని టన్నుల పని చేస్తోందో తెలుస్తుంది. 100 ఘనపు మీటర్లు, 5 డిగ్రీల తేడా అయితే సుమారు 165 టన్నులు. ఆ సమయానికి చిల్లర్ 110 కిలోవాట్లు లాగుతుంటే టన్నుకి 0.67 కిలోవాట్లు. నీటితో చల్లబడే స్క్రూ చిల్లర్‌కి అది ఫర్వాలేదు. అదే అంకె నెలనెలా పెరుగుతూ పోతుంటే కండెన్సర్ ట్యూబుల్లో ఉప్పు పేరుకుంటోందేమో చూడాలి. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే, నీళ్లలో గట్టిదనం తీసే సాఫ్ట్‌నర్‌లో రీజనరేషన్ (ఉప్పునీళ్లతో కడగడం) సరిగ్గా చేయకపోతే ఒక్క వేసవికే ట్యూబులు తెల్లగా గట్టిపడతాయి. (ఈ 'టన్ను' బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను ఐసు ఇరవై నాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో ఆ లెక్క. నాకు ఐటీఐలో చెప్పినా ఎక్కలేదు, బేస్‌మెంట్‌లో ఎక్కింది.) ఇంటర్వ్యూలకి వచ్చే పిల్లల్ని నేను అడిగే మొదటి ప్రశ్న ఈ లెక్కే. ఏళ్ల అనుభవం ఉందని రాసుకున్నవాళ్లు కూడా చాలామంది చెప్పలేరు.

మీ తమ్ముడిది ఎలక్ట్రికల్ కాబట్టి వాడు ప్యానెల్ రూమ్‌లోనే ఉంటానంటాడు. ఉండనివ్వొద్దు. ప్యానెల్ రూమ్‌లో నేర్చుకునేది చాలానే ఉంది: ట్రాన్స్‌ఫార్మర్ బ్రీదర్‌లో సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగిందా, కెపాసిటర్ ప్యానెల్ పవర్ ఫ్యాక్టర్‌ని నిలబెడుతోందా, ఎర్త్ పిట్ల రెసిస్టెన్స్ ఎంత వస్తోంది, ఇవన్నీ. కానీ ఈ ఫీల్డ్‌లో ఎదిగేది అన్నీ కొంచెం కొంచెం తెలిసినవాడే. నేను ఏసీ వాణ్ని. 2012లో కరెంటు కోతల రోజుల్లో జనరేటర్లు ఆగకుండా నడిచేవి, మా ఎలక్ట్రీషియన్ అన్నలకి చేయి సాయం కావాలి. ఆ ఏడాదిలో సింక్రొనైజింగ్ (జనరేటర్లని ఒకదానితో ఒకటి కలిపి నడపడం), లోడ్ షేరింగ్, బ్యాటరీలు, డీజిల్ లెక్కలు నేర్చుకున్నాను. తర్వాత ఆసుపత్రిలో ఉద్యోగం ఇప్పించింది ఏసీ కాదు, ఆ జనరేటర్ పనే.

అందుకే చేరేముందు ఆ కంపెనీ పేరు కంటే ఆ బిల్డింగ్‌లో ఏం మిషన్లు ఉన్నాయో కనుక్కోండి. ఒకసారి సైట్ చూస్తామని అడిగితే చాలామంది చూపిస్తారు. సొంత హెచ్‌టీ సబ్‌స్టేషన్, నీటితో చల్లబడే చిల్లర్లు, ఎస్‌టీపీ ఉన్న సైటైతే ఆరు నెలలూ నేర్చుకోవడానికి సరిపోతుంది. అంతా వీఆర్‌ఎఫ్ యూనిట్లే (చిల్లర్ లేకుండా నేరుగా గ్యాస్‌తో చల్లబరిచే ఏసీలు) ఉంటే ఏసీ వైపు పని తక్కువ, కంపెనీ సర్వీసు వాడే వచ్చి చూసుకుంటాడు. ఆసుపత్రి దొరికితే ఇంకా మంచిది: మెడికల్ గ్యాస్, ఆపరేషన్ థియేటర్ ఏహెచ్‌యూలు, కొన్నిచోట్ల స్టీమ్ కూడా ఉంటుంది. కాకపోతే అక్కడ టెన్షన్ వేరు. గేటెడ్ కమ్యూనిటీల్లో ఎక్కువ భాగం నీళ్లు, లిఫ్టులు, ఎస్‌టీపీ.

రెండోది, ఏ సెక్షన్‌లో ఎన్ని వారాలు వేస్తారో, ఎవరి వెంట తిప్పుతారో అడగండి. "అన్నీ నేర్పుతాం" అంటే ఏదీ నేర్పరు. నేను చూసిన చాలామంది పిల్లలు హెల్ప్‌డెస్క్‌లో కూర్చుని కంప్లైంట్లు ఎక్సెల్‌లో ఎక్కిస్తూ, కుర్చీలు మోస్తూ, ట్యూబ్‌లైట్లు మారుస్తూ ఆరు నెలలు గడిపేసి సర్టిఫికెట్ పట్టుకుపోయారు. వారానికి కనీసం ఒక పీపీఎంలో, అంటే ముందే షెడ్యూల్ వేసుకుని చేసే సర్వీసింగ్‌లో, వాడి చేతులకి గ్రీజు అంటాలి. ఐటీ పార్కుల్లో పెద్ద షట్‌డౌన్లు శని ఆదివారాల్లోనే పెడతారు. ఆ రోజు సెలవు పెట్టొద్దని చెప్పండి, ఆర్నెల్లలో చూడలేని ప్యానెల్ లోపలి భాగాలు ఆ ఒక్క రోజు తెరుచుకుంటాయి.

డబ్బు విషయం. కాలేజీ తరఫున చేసే ట్రైనింగ్ వేరు, డిప్లొమా పాసయ్యాక చేసే అప్రెంటిస్‌షిప్ వేరు. రెండోది 1961 అప్రెంటిసెస్ చట్టం కిందికి వస్తుంది, నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం) పోర్టల్‌లో కాంట్రాక్టు నమోదు కావాలి. మన రెండు రాష్ట్రాలూ చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ బోర్డు కిందికి వస్తాయి. 2019 సవరణలో డిప్లొమా వాళ్లకి నెలకి కనీసం 8,000 రూపాయలు, ఐటీఐ వాళ్లకి 7,000 అని పెట్టారు. ఇప్పుడు ఎంత ఉందో పోర్టల్‌లోనే చూసుకోండి. కాలేజీ ట్రైనింగ్‌కి ఇంతే ఇవ్వాలని లేదు, కొందరు భోజనం పెట్టి సరిపెడతారు. నా సలహా: ఈ ఆరు నెలలూ కాలేజీ ట్రైనింగ్‌గా చేసి, పాసయ్యాక ఏడాది అప్రెంటిస్‌షిప్‌కి వేరే రకం బిల్డింగ్ చూసుకోవడం. డిపాజిట్ కట్టమని, ట్రైనింగ్ ఫీజు అని ఏ కన్సల్టెన్సీ అయినా అడిగితే అక్కడితో వదిలేయండి. పనిచేసేవాడు ఎదురు డబ్బు కట్టడమేంటి?

ఒక్క విషయంలో మాత్రం వాడికి గట్టిగా చెప్పి పంపండి. ఈ పనిలో ప్రాణం పోయే చోట్లు ఉన్నాయి. సీనియర్ లేకుండా లైవ్ ప్యానెల్ తెరవకూడదు. బెల్టు మార్చేటప్పుడు, పంపు విప్పేటప్పుడు బ్రేకర్‌కి తాళం వేసి, ట్యాగ్ కట్టి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి, పక్కవాడికి ఇవ్వకూడదు. ఎస్‌టీపీ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి దిగమంటే, ఎవరు చెప్పినా సరే, దిగకూడదు. లోపలుండే గ్యాస్ వాసన మొదట గుప్పుమంటుంది, తర్వాత ముక్కు మొద్దుబారి తెలియదు, అప్పటికే ఆలస్యమవుతుంది. సరైన రక్షణ లేకుండా మురుగు ట్యాంకుల్లోకి మనుషుల్ని దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా. ట్రైనీకి మొహమాటం ఎక్కువ, కొత్తవాడు కాదనలేడు. అందుకే ఇంట్లోంచే చెప్పి పంపాలి.

ఫైర్ పంప్ రూమ్ సంగతి కూడా. చాలాచోట్ల ట్రైనీలు దాన్ని తలుపు దాకా వచ్చి చూసి వెళ్లిపోతారు, ఎందుకంటే అక్కడ ఏమీ జరగదు. లోపలికి వెళ్లి రెండు చూడమనండి: సెలెక్టర్ స్విచ్‌లు ఆటోలో ఉన్నాయా, జాకీ పంపు (ఫైర్ లైన్‌లో ప్రెషర్ తగ్గకుండా చూసే చిన్న పంపు) గంటకి ఎన్నిసార్లు తనంతట తను ఆన్ అవుతోంది. మాటిమాటికీ ఆన్ అవుతుంటే లైన్‌లో ఎక్కడో లీకేజీ ఉన్నట్టు. ఇది పట్టుకుని చెప్పిన ట్రైనీని ఏ షిఫ్ట్ ఇంజనీరూ మర్చిపోడు.

ముందు ముందు ఏముంది అంటే, ఎలక్ట్రికల్ డిప్లొమాతో అనుభవం చూపించి రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు నుంచి సూపర్‌వైజర్ పర్మిట్ తెచ్చుకోవచ్చు, అది చేతిలో ఉంటే జీతం మాట్లాడే తీరు మారుతుంది. కొన్నేళ్ల తర్వాత బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) వాళ్ల ఎనర్జీ మేనేజర్ పరీక్ష రాయొచ్చు. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లూ ఉన్నారు. నాతో పనిచేసిన ఇద్దరు దుబాయ్‌లో డిస్ట్రిక్ట్ కూలింగ్ ప్లాంట్లలో, అంటే చాలా బిల్డింగులకి ఒకేచోటి నుంచి చల్లటి నీళ్లు పంపే ప్లాంట్లలో ఉన్నారు. అక్కడ ఒక్కో ప్లాంటు మన బేస్‌మెంట్లు పదింటికి సమానం అంటారు. మొదట్లో మాత్రం జీతం తక్కువే, దాచడమెందుకు. కాల్ సెంటర్‌లో చేరిన నా క్లాస్‌మేట్ మొదటి మూడేళ్లూ నాకంటే ఎక్కువ తెచ్చుకున్నాడు.

షిఫ్టు టైములు చూసుకుని రూము తీసుకోండి. బీ షిఫ్టు (మధ్యాహ్నం ఎక్కేది) దిగేసరికి రాత్రి పదో పదకొండో అవుతుంది, అప్పుడు బస్సులు దొరకవు, సైట్‌కి నడిచి వెళ్లే దూరంలో ఉంటే మంచిది. సేఫ్టీ షూస్ వాళ్లు ఇచ్చినా, సరిపోకపోతే సొంత సైజువి కొనివ్వండి. నాకు ఒక సైజు పెద్దవి ఇచ్చారు, టవర్ నిచ్చెన ఎక్కుతుంటే మడమ జారేది. మూడు నెలలు లోపల గుడ్డలు కుక్కుకుని తిరిగాను.